చెయ్యి దించేదాకా

మార్చి 8, శుక్రవారం. మ్వాంజా.

ఎడమ చెవి వినపడటం లేదు. ఆసుపత్రిలో డాక్టరు లైటు పెట్టి చూసి, కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. ఆరు వారాలు విమానం ఎక్కకూడదు. చెవిలోకి నీళ్ళు పోకూడదు. ఆ కాగితం ఈ నోటుబుక్కులోనే పెట్టాను.

వాస్తవాలు మాత్రమే రాసుకుంటాను. ఇరవై ఏడేళ్ళుగా పత్రికలో చేస్తున్న పని అదే.

నిన్న ఉదయం దార్ నగరం నుంచి బయల్దేరిన విమానం. ఇక్కడ మూతపడ్డ చేపల ఫ్యాక్టరీ గురించి రాయడానికి వస్తున్నాను. నా సీటు 14సి, నడవ పక్కన. విమానంలో ఇరవై ఇద్దరు ఒకే ఊదారంగు బట్టల్లో ఉన్నారు. ఇక్కడి చర్చి పాటల బృందం. దార్‌లో టీవీ వాళ్ళకి రెండు రోజులు పాడి తిరిగి వస్తున్నారు. వెళ్ళేటప్పుడు బస్సు. వచ్చేటప్పుడు ఎవరో దాత విమానం టికెట్లు కొనిచ్చాడు. చాలామందికి అదే మొదటిసారి.

బయల్దేరిన యాభై నిమిషాలకి వెనక ఎక్కడో తలుపు విరిగినట్టు చప్పుడైంది. చెవుల్లో మేకు దిగినట్టయింది. లోపలంతా పొగమంచు కమ్మింది. అది పొగ కాదు, గాలిలో తేమే. ఒక నిమిషంలో పోయింది. చలి. నెత్తి మీద మూతలు తెరుచుకుని పసుపు మాస్కులు వేలాడాయి. విమానం ముక్కు కిందికి వాలింది. లోపల ఒత్తిడి పోయింది, పైలట్ గాలి ఉన్న ఎత్తుకి దింపుతున్నాడు. ఇది తర్వాత తెలిసిన సంగతి కాదు, అప్పుడే తెలుసు. ఇలాంటివాటి మీద రెండుసార్లు రాశాను.

నా చెయ్యి ముందు ఫోను మీదికి వెళ్ళింది, తర్వాత మాస్కు మీదికి. అలవాటు.

పదకొండో వరసలో పాటల మాస్టారు లుబాంగో మాస్కు కిందికి లాగి, పడవ పాట ఎత్తుకున్నాడు. మిగతావాళ్ళు అందుకున్నారు. ఒక పాదం పాడటం, మాస్కు పెట్టుకుని ఊపిరి తీసుకోవడం, మళ్ళీ తీసి పాడటం. నడవకి అటుపక్క 14డిలో ఒక పెద్దావిడ మాస్కు తీసి పాడింది. పాడుతూ పాడుతూ ఒరిగిపోయింది. పేరు కబూలా. వయసు యాభై ఎనిమిది. రక్తపోటు, చక్కెర రెండూ ఉన్నాయట. ఇంకా స్పృహ రాలేదు. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందని డాక్టర్లు అంటున్నారు.

మిగతా అందరికీ పెద్దగా ఏమీ కాలేదు. పైలట్ కిందకొచ్చాక మ్వాంజాకే తెచ్చి దింపాడు.

నేను నా మాస్కు తియ్యలేదు.

సాయంత్రం పత్రికకి వీడియో పంపాను. నలభై సెకన్లు.


మార్చి 9, శనివారం

ఎడిటర్ సలూమ్ ఫోను చేశాడు. కుడి చెవికి పెట్టుకుని విన్నాను.

"ఏమయ్యా పాటల వీరుడా! దేశమంతా నీ నలభై సెకన్లే చూస్తోంది. మా అత్తగారు నాకే పంపింది, చూడరా అల్లుడూ అని. నా పత్రిక వీడియో నాకే!"

"ఆవిడ ఇంకా కళ్ళు తెరవలేదు."

"తెరుస్తుందిలే, దేవుడున్నాడు. ఇంకాస్త పొడుగుది ఉందా?"

"లేదు. అంతే."

"సరే, ఆ ఫ్యాక్టరీ సంగతి రాసి బస్సెక్కి వచ్చెయ్."

చెవి బస్సుకి కూడా ఒప్పుకోదని చెప్పాను. డాక్టరు ఆ మాట అనలేదు.

లాడ్జిలో ఆరో నంబరు గది. తలుపు మూస్తే ఊపిరాడటం లేదు. కుర్చీ గుమ్మంలో వేసుకుని రాస్తున్నాను. స్నానాలగది తలుపు మూసుకుపోకుండా బకెట్టు అడ్డం పెట్టాను. వారం రోజుల్లో సర్దుకుంటుంది.


మార్చి 10, ఆదివారం

చర్చి అయ్యాక ఇద్దరు ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. పెద్దావిడ తబిత. బృందంలో కింది స్థాయిలో పాడుతుంది, నా వెనక పదిహేనో వరసలో కూర్చుంది. చిన్నది మింజా, కబూలా కూతురు. సరస్సు ఒడ్డున ఎండు చేపలు అమ్ముతుంది.

"షికమో," అంది మింజా కొంచెం వంగి. పిల్లలు పెద్దలకి పెట్టే దండం అది. నేను బదులు చెప్పాను.

తబిత బుట్టలోంచి మూతగిన్నె తీసి బల్ల మీద పెట్టింది. "తిను తమ్ముడూ. ఊళ్ళో చుట్టం లేని మనిషి చెవి పోగొట్టుకుని లాడ్జిలో పడుంటే మేం ఇంట్లో కాళ్ళు చాపుకుని తింటామా? మా పాట లోకమంతా వినిపించావు. ఆ మాత్రం మింగు."

"ఇక్కడ హోటలు ఉందమ్మా."

"ఆ హోటలు చేపా? దానికి ఈత కూడా వచ్చి ఉండదు."

మింజా నవ్వలేదు. వాళ్ళమ్మ పొద్దున కళ్ళు తెరిచిందట. మాట లేదు. కుడిపక్క కదలడం లేదు.

నేను తినేదాకా ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. ఎంగిలి గిన్నె కడగబోతే తబిత లాక్కుంది, అతిథి గిన్నె కడుగుతాడా అని.


మార్చి 11, సోమవారం

గిన్నె వచ్చింది. ఉగాలి అనే మొక్కజొన్న పిండి ముద్ద, సరస్సులో దొరికే సాతో చేప, ఆకుకూర. తిన్నాను.


మార్చి 12, మంగళవారం

విచారణ అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. కింద వరండాలో కూర్చున్నాం. విమానం వెనక తలుపు దగ్గర ఒక రబ్బరు పట్టీ ఊడిందని తేలింది. అది కంపెనీ తప్పు, వాళ్ళు ఒప్పుకున్నారు. అతనికి కావలసింది 14డి సంగతి.

"అసలు వీడియో ఇస్తారా?"

"ప్రచురించిందే ఉంది."

"అలాగా." రాసుకున్నాడు. "మాస్కు పనిచేస్తోంది. పెట్టుకోమని సిబ్బంది అరిచి చెప్పారు. ఆవిడే తీసింది. కెమెరా వైపు చూసి నవ్వుతోంది కూడా. అంతే కదండీ?"

"వీడియోలో అలాగే ఉంది."

అది కూడా రాసుకున్నాడు. చదివి వినిపించి సంతకం పెట్టించుకున్నాడు.

నేను చెప్పిన వాక్యంలో అబద్ధం లేదు. వీడియోలో అలాగే ఉంది. ఆమె నా వైపు చూసింది, అదీ వాస్తవమే. ఎదురుగా ఉన్న మనిషి వైపు ఎవరైనా చూస్తారు.

బస్సులు రోజూ పొద్దున ఆరింటికి ఉన్నాయని లాడ్జి ఆవిడ చెప్పింది. అడక్కుండానే చెప్పింది.


మార్చి 13, బుధవారం

వాన. మింజా ఒక్కతే వచ్చింది, కంగా గుడ్డ నెత్తిన కప్పుకుని. షికమో అంది. గిన్నె పెట్టింది. కూర్చోలేదు.

"ఒక మాట అడగనాండీ?"

"అడుగమ్మా."

"చేపల దగ్గర అందరూ ఒకటే కూత. మీ అమ్మకి ఫోటో పిచ్చి, విమానం కూలిపోతున్నా మొహం చూపించుకుంది అని. నా పక్కన తట్ట పెట్టుకునేదాని మొగుడైతే రోజూ ఆ వీడియో పెట్టి, 'సినిమా తార' అంటున్నాడు. విసిరికొట్టా నిన్న, తడి చేపతో."

"తగిలిందా?"

"చెంప మీద." ఒక్క క్షణం నవ్వొచ్చినట్టుంది, పోయింది. "మా అమ్మ భయస్తురాలండీ. గ్యాసు పొయ్యి తను వెలిగించదు, నన్ను కేకేస్తుంది. విమానం ఎక్కేముందు ఫోను చేసి చెప్పింది, బెల్టు ఎలా పెట్టుకోవాలో నాలుగుసార్లు నేర్చుకున్నానని. అలాంటి మనిషి పెట్టుకున్న మాస్కు ఎందుకు తీస్తుంది? మీరు ఎదురుగానే ఉన్నారు కదా."

"అందరూ పాడుతున్నారమ్మా."

"అందరూ పాడి మళ్ళీ పెట్టుకున్నారు."

ఆమె గిన్నె నా వైపు జరిపింది.

"చల్లారిపోతుంది, తినండి. అమ్మ ఇవాళా ముట్టలేదు."

అప్పుడు అర్థమైంది. ఆసుపత్రిలో ఒంటిగంటకి గంట కొట్టి చుట్టాలని లోపలికి వదులుతారు, రెండింటికి గంట కొట్టి పంపేస్తారు. పాటల బృందం వంతులేసుకుని కబూలాకి వండుకెళ్తున్నారు. ఆమె మింగలేకపోతోంది. రోగికి తీసుకెళ్ళిన గిన్నె నిండుగా ఇంటికి తీసుకురావడం అపశకునమని మింజా నాయనమ్మ అంటుందట. అందుకని దారిలో ఉన్న లాడ్జికి తెస్తున్నారు.

నాలుగు రోజులుగా నేను తింటున్నది ఆమెకి వండినది.

ఇవాళా తిన్నాను. మింజా చూస్తోంది.


మార్చి 14, గురువారం

ఇవాళ తబిత వంతు. వాన తగ్గలేదు, అందుకని గంటసేపు కూర్చుంది. దార్ కబుర్లు చెప్పింది. ఆమె చెప్పినట్టే రాసుకుంటాను.

"ఆ టీవీ కెమెరా ఆయన ఉన్నాడు చూడు తమ్ముడూ, చీపురుపుల్లంత మనిషి, గొంతు మాత్రం ఓడరేవు సైరను. మొదటిరోజు మాకు పాఠం చెప్పాడు. నేను చెయ్యెత్తితే పాడాలి. మొహం కెమెరాకి చూపించాలి. నవ్వాలి. చెయ్యి దించేదాకా ఏమొచ్చినా ఆపకూడదు. మా మాస్టారూ ముప్ఫై ఏళ్ళుగా చెప్పేది అదేలే, చెయ్యి దించేదాకా ఆపకూడదని. కానీ మాస్టారికి మేం అలవాటు, ఒక్కోసారి దొంగతనంగా దగ్గుతాం. ఇతనికి భయపడి చచ్చాం. ఒకసారి చెయ్యెత్తాడా, ఎవరో పిలిస్తే ఆ చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుని గుమ్మం దగ్గరకెళ్ళి మాట్లాడుతున్నాడు. మేం మొదటి చరణం ఏడుసార్లు పాడాం! ఏడు! మగాళ్ళ గొంతులు కప్పల్లా అయిపోయాయి. కబూలా అయితే కళ్ళార్పకుండా ఆ చెయ్యే చూస్తోంది, చెమటలు కారుతున్నాయి, నవ్వు మాత్రం తియ్యలేదు. తర్వాత దాన్ని ఏడిపించాం. ఏమే, ఆయన చెయ్యెత్తి నిద్రపోతే తెల్లారేదాకా పాడతావా అని. పాడతాను, చెయ్యెత్తి ఉందిగా అంది."

పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత కంగా చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"పిచ్చిది. ఎవరు చెయ్యెత్తినా నమ్ముతుంది."

తబిత వెళ్ళిపోయింది. నేను ఇంకా గుమ్మంలోనే ఉన్నాను.

కుడి చేత్తో ఫోను పట్టుకున్నాను. ఎడమ చెయ్యి ఎక్కడుందో గుర్తు లేదు.

గుర్తు లేదని రాశాను. గుర్తుండక్కర్లేదు, ఫోనులో ఉంది. మొత్తం ఉంది. పోయిన శుక్రవారం నలభై సెకన్లు కత్తిరించుకున్నాక మళ్ళీ తెరవలేదు.


మార్చి 15, శుక్రవారం

తెరవలేదు.


మార్చి 16, శనివారం

తెరవలేదు. గిన్నె వచ్చింది. ఆకలి లేదన్నాను. తబిత వినలేదు. పక్కన కూర్చుని ముద్దలు చేసి పెట్టింది. యాభై మూడేళ్ళ మనిషికి.

బస్సు టికెట్టు ఎవరైనా కొనుక్కోవచ్చు. చెవికీ బస్సుకీ సంబంధం లేదు. ఈ గదికి తాళం కూడా వెయ్యలేదెవరూ. తలుపు తెరిచే ఉంచుతున్నాను. అయినా కదల్లేకపోతున్నాను.


మార్చి 17, ఆదివారం

తబిత వచ్చి చర్చికి తీసుకెళ్ళింది. విమానంలో ఉన్నవాళ్ళ తరఫున కృతజ్ఞత చెప్పే ఆరాధన. ఐదుగురు పట్టే బల్ల మీద ఎనిమిది మంది కూర్చున్నాం. నేను గోడవైపు. ఎడమపక్క గోడ, కుడిపక్క తబిత. లేవాలంటే ఏడుగురు లేవాలి.

గోడ మీద తెల్లదుప్పటి కట్టి వీడియో వేశారు. నలభై సెకన్లు. కబూలా ముఖం నిలువెత్తున కనపడింది. నవ్వుతూ పాడుతోంది. కొందరు చేతులు తట్టారు. వెనక బల్ల మీద ఎవరో ఆడమనిషి మెల్లగా అంది, "ముస్తాబు చూడు, చావు ముందు కూడా." నా ముందు బల్లలో మింజా మెడ బిగుసుకుంది. వెనక్కి తిరగలేదు.

తర్వాత మాస్టారు లుబాంగో లేచాడు. పొట్టి మనిషి. ఊదారంగు చొక్కా వేసుకోలేదు, మామూలు కోటు. బృందంలో ఎవ్వరూ ఊదారంగు వేసుకోలేదని అప్పుడే గమనించాను.

"చప్పట్లు ఆపండి," అన్నాడు. "కబూలాని ఏదో అంటున్నారని విన్నాను. అనాల్సింది నన్ను. మాస్టారి చెయ్యి దించేదాకా పాట ఆపకూడదని నేర్పింది నేను. ఆ రోజు విమానంలో చెయ్యెత్తి పాట ఎత్తుకున్నాను. నాకు భయం వేసింది. భయంలో కళ్ళు మూసుకున్నాను. చెయ్యి దించడం మర్చిపోయాను. మిగతావాళ్ళు తెలివైనవాళ్ళు, నా మాట కాస్త జవదాటారు. ఆమె దాటలేదు. నా చెయ్యి చూస్తూ పాడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ చెయ్యి ఎత్తాను. ఇక ఎత్తను. మంగళవారం అభ్యాసానికి వచ్చి అందరూ బట్టలు అప్పగించండి. బృందం వద్దు."

తబిత ఏడ్చింది. ఆ ఏడుపుకి బల్లంతా కదిలింది.

వాస్తవాలు. మాస్టారు కూర్చున్నది 11ఎ, ఎడమ కిటికీ పక్కన. కబూలా 14డి, నడవకి కుడిపక్క. మధ్యలో మూడు వరసల సీట్ల వీపులు. మాస్టారు కూర్చుని చెయ్యెత్తితే ఆమెకి వేళ్ళు కూడా కనపడవు. పైగా తెల్లదుప్పటి మీద నిలువెత్తు ముఖంలో ఆమె కళ్ళు ముందుకి చూడటం లేదు, పక్కకి చూస్తున్నాయి. నేను కూర్చున్న వైపు.

లేవాలంటే ఏడుగురు లేవాలి అని పైన రాశాను. తబితకి చెబితే లేచేది.

బయట మాస్టారు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, నువ్వు ఎదురుగా ఉన్నావు. నా చెయ్యి ఆమెకి కనపడిందంటావా?"

"గుర్తు లేదు మాస్టారూ."

"పోలె బాబూ, పోలె. నీకూ దెబ్బ తగిలింది, నిన్ను అడుగుతున్నాను చూడు." నా చెవి వైపు చూసి భుజం తట్టాడు.

పోలె. అయ్యో పాపం అనడానికి ఇక్కడ అందరూ అనే మాట. పది రోజుల్లో నాతో ఎంతమంది అన్నారో లెక్కపెట్టలేదు.


మార్చి 18, సోమవారం

మధ్యాహ్నం తెరిచాను. మొత్తం నిడివి రెండు నిమిషాల పదకొండు సెకన్లు. మూడుసార్లు చూశాను. కుడి చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని రాసుకున్నాను. వార్త రాసినట్టే రాస్తున్నాను. ఇంకో రకంగా రాయడం చేతకాదు.

0:00. విమానం లోపల. పాట వినపడుతోంది. మాస్కులు కిందికీ పైకీ కదులుతున్నాయి.

0:19. ఫోను కుడివైపు తిరిగింది. 14డి. కబూలా. మాస్కు ముఖానికి రెండు చేతులతో అదిమి పట్టుకుంది. పాడటం లేదు. కళ్ళు మూసుకుంది.

0:31. ఆమె కళ్ళు తెరిచి ఫోను చూసింది.

0:38. ఫోను కొంచెం ఊగింది. మగ గొంతు, దగ్గరగా, మాస్కు అడ్డం లేకుండా: "అమ్మా, మొహం కనపడట్లేదు. అది తియ్యి. ఒక్క నిమిషం."

0:42. ఆమె తల అడ్డంగా ఊపింది.

0:44. ఫ్రేములో ఎడమ మూల నుంచి ఒక చెయ్యి పైకి వచ్చింది. అరచెయ్యి ఆమె వైపు. ఎడమ చెయ్యి. మణికట్టు మీద నా గడియారం.

0:47. ఆమె ఆ చెయ్యి చూసింది.

0:50. ఆమె మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

0:52 నుంచి 1:32 దాకా, ప్రచురించిన భాగం. నవ్వింది. పాడింది. నా చెయ్యి ఫ్రేములో లేదు, ఇంకాస్త పైన ఉంది. ఎక్కడుందో ఆమె కళ్ళు చూస్తే తెలుస్తుంది.

1:32. గొంతు తడబడింది. అదే పాదం మళ్ళీ మొదలుపెట్టింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

1:45. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. కళ్ళు ఇంకా పైకే.

1:53. తల ఒరిగింది.

2:09. సిబ్బంది అమ్మాయి సీట్లు పట్టుకుని పాకుతూ వచ్చి, ఆమె ఒళ్ళో మాస్కు తీసి ముఖానికి పెట్టింది.

2:11. ఆగిపోయింది.

ఆమె తల ఒరిగాక పదహారు సెకన్లు నేను తీస్తూనే ఉన్నాను. చెయ్యి చాపితే ఆ మాస్కు నాకు అందుతుంది.

ఎనిమిదో తారీకున నేను నా మాస్కు తియ్యలేదని రాశాను. తీశాను. నాలుగు సెకన్లు. ఆ మాటలు అనడానికి. నాకేమీ కాలేదు, ఎందుకంటే మళ్ళీ పెట్టుకున్నాను.

చెయ్యెత్తితే పాడాలన్న సంగతి నాకు తెలియదు. అది వాస్తవం. రాసి ఉంచుతున్నాను. అయితే తియ్యమన్నది నేను, ఆమె వద్దని తల ఊపింది, చెయ్యెత్తి మళ్ళీ అడిగింది నేను. అవీ వాస్తవాలే. శుక్రవారం ఎక్కడ కత్తిరించాలో చూసుకుంటున్నప్పుడు 0:52 అని ఎందుకు ఎంచుకున్నానో, అదీ నాకు తెలుసు. అప్పుడూ తెలుసు.


మార్చి 19, మంగళవారం

పొద్దున పది గంటలకి విచారణ అధికారికి పూర్తి వీడియో పంపాను. నా వాంగ్మూలం తప్పని రెండు వాక్యాలు రాశాను. సలూమ్‌కి కూడా పంపాను. పది నిమిషాల్లో ఫోను.

"నీకు మతి పోయిందా? ఎవరడిగారు దీన్ని?"

"ఎవరూ అడగలేదు. పత్రికలో వెయ్యి."

"ఇది వేస్తే నీ పేరు..."

"తెలుసు. ఫ్రేములో గడియారం కూడా ఉంది, చూసుకో."

"ఇరవై ఏడేళ్ళయ్యా," అని పెట్టేశాడు.

సాయంత్రం నాలుగింటికి చర్చి వెనక రేకుల గదికి వెళ్ళాను. ఇరవై ఒక్కమంది వచ్చారు. బల్ల మీద ఊదారంగు బట్టలు మడతపెట్టి దొంతరగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన కబూలాది. మింజా తెచ్చి పెట్టింది, ఉతికి ఇస్త్రీ చేసి. ఎవరో నాకు కుర్చీ వేశారు. తబిత తలుపు మూయబోతే వద్దన్నాను.

"మాస్టారూ, ఆమెకి మీ చెయ్యి కనపడలేదు," అన్నాను. "చూసింది వేరే చెయ్యి."

ఫోను మాస్టారి చేతికిచ్చాను. అందరూ ఆయన వెనక మూగారు. సౌండు పూర్తిగా పెట్టాను. రెండు నిమిషాల పదకొండు సెకన్లు రేకుల మీద వాన చప్పుడు, పడవ పాట, నా గొంతు. అమ్మా, మొహం కనపడట్లేదు.

మాస్టారు ఇంకోసారి చూశాడు. 0:44 దగ్గర ఆపమన్నాడు, ఎలా ఆపాలో తెలియక. నేను ఆపాను. తెర మీది చెయ్యి చూశాడు. తర్వాత నా చెయ్యి చూశాడు. నా గడియారం ఉన్న చెయ్యి.

తబిత నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "నేను ముద్దలు పెట్టాను," అంది. ఎవరితో అందో తెలియదు. "ఈ చేత్తో పెట్టాను."

మింజా నా ముందుకి వచ్చింది. కొడుతుందనుకున్నాను.

"అమ్మ వద్దని తల ఊపింది," అంది.

"ఊపింది."

"అయినా."

"అయినా."

మిగతావాళ్ళ వైపు తిరిగింది. "చూశారుగా? మా అమ్మ వద్దంది." మళ్ళీ గట్టిగా అంది. "వద్దంది!" బల్ల మీద నుంచి వాళ్ళమ్మ బట్టలు తీసుకుని చంకలో పెట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమవి తీసుకున్నారు. ఎవరూ నన్ను తాకకుండా చుట్టూ తిరిగి వెళ్ళారు.

చివరికి మాస్టారు మిగిలాడు. పోలె అనలేదు.

"ఆదివారం దాకా ఉంటావా?" అన్నాడు.

"ఎందుకు మాస్టారూ?"

"చర్చిలో నేను చెప్పింది తప్పు కదా. ఫోను చెప్తే చాలదు. నువ్వు నోటితో చెప్పాలి. ఆ వెనక బల్లలవాళ్ళు వినాలి." గొడుగు తీసుకున్నాడు. "బస్సు ఎక్కితే ఎక్కు. నిన్ను ఎవరూ ఆపరు."


మార్చి 20, బుధవారం

విచారణ అధికారి ఫోను చేశాడు. 14డి గురించి రాసిన పేరా కొట్టేశానన్నాడు. నన్ను మళ్ళీ పిలుస్తారట. సలూమ్ వీడియో వేశాడు, మొత్తం. కింద ఏం రాస్తున్నారో చూడలేదు.

గిన్నె రాదనుకున్నాను. హోటలుకి వెళ్దామని చెప్పులు వేసుకున్నాను.

రెండుంబావుకి మింజా వచ్చింది. షికమో అనలేదు. గిన్నె బల్ల మీద పెట్టి మూత తీసింది. సగమే ఉంది.

"మాస్టారు పొద్దున ఆసుపత్రికి వచ్చాడు," అంది. "చూసిందంతా అమ్మకి చెప్పాడు. అమ్మ విన్నది. మధ్యాహ్నం సగం తిన్నది. మిగిలింది ఇది."

"ఇంటికి తీసుకెళ్ళవచ్చు కదమ్మా. సగమే కదా."

"తినండి."

గుమ్మంలో నిలబడింది. బయట వాన వెలిసింది, ఆమె వెనక సరస్సు ఒడ్డున బండలు ఎండకి మెరుస్తున్నాయి. నేను దాటి వెళ్ళడానికి దారి లేదు. తిన్నాను. చల్లారిపోయింది. చేప ముళ్ళు తీసి ఉన్నాయి, మింగడానికి వీలుగా ముద్దలు పలచగా చేసి ఉన్నాయి. చివరిదాకా తిన్నాను.

గిన్నె చెయ్యి చాచి అడగలేదామె. తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళాను. బకెట్టు జరిగి వెనక తలుపు మూసుకుపోయింది. మూసుకోనిచ్చాను. సబ్బు పెట్టి కడిగి, తుడిచి తెచ్చి ఇచ్చాను.

మింజా దాన్ని ఎండవైపు ఎత్తి చూసింది.

"అడుగున ఇంకా ఉంది," అంది.

మళ్ళీ కడిగాను.